ముందు అని రాసిన స్లీవ్

ఇంజను చప్పుడంటే నాకు భయం లేదు. ఆ చప్పుడు ఆగిపోతేనే భయం.

మా అమ్మాయి మినోరిది టూ స్ట్రోక్ బండి. టీ తోటల వెనక మట్టి దారుల్లో అది తిరుగుతుంటే మా వంటింటి దాకా వినిపిస్తుంది, రేకు డబ్బాలో చిక్కుకున్న దోమ కోపంగా గింగిర్లు కొడుతున్నట్టు. ఆ చప్పుడు ఉన్నంతసేపూ నేను ముల్లంగి తరుక్కోగలను, బట్టలు మడత పెట్టుకోగలను, ఎదురింటావిడ కోడలి గురించి చెబుతుంటే ఊఁ కొట్టగలను. ఉన్నట్టుండి ఆగిందంటే మాత్రం నా చెయ్యి కూడా ఆగిపోతుంది. మళ్లీ మొదలయ్యేదాకా కత్తి ముల్లంగి మీద అలాగే ఉంటుంది.

పోయిన శరత్కాలంలో ఒకసారి మళ్లీ మొదలవలేదు. సిలిండర్లో పిస్టన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. బండి ఒకవైపు, పిల్ల ఒకవైపు. మెడ కింద ఎముక విరిగింది.

"ఎడమ వైపేగా అమ్మా. అన్నం కుడిచేత్తో తింటానుగా" అంది ఆసుపత్రి మంచం మీద పడుకుని. పైగా నవ్వింది కూడా. నవ్వితే నొప్పి పుట్టి ఏడ్చింది.

అప్పటినుంచి "ఆపు", "వద్దు", "మానెయ్" అని నేను అనని రోజు లేదు. ఆ మాటలు మా ఇంట్లో ఎంతగా అరిగిపోయాయంటే, నేనంటే ఎవరూ తల కూడా తిప్పరు. గోడ గడియారం కొట్టుకుంటుంటే ఎవరు తల తిప్పుతారు?

ఎముక అతుక్కుంది. ఇక ఇంజను అతకాలి. మా ఆయన మసనోబుకి ఊళ్లో పోస్టాఫీసులో ఉద్యోగం. ఇంజన్లు ఆయనకి ఆదివారాలు వచ్చే జబ్బు. దిగువ ఊళ్లో లేతు పని చేసే మా తమ్ముడు శిగెకికి అదే జబ్బు వారమంతా ఉంటుంది. సిలిండర్ లోపలి స్లీవ్ గీసుకుపోయిందనీ, మార్చాలనీ ఇద్దరూ కలిసి తేల్చారు. పాతదాన్ని శిగెకి లేతు మీద కోసి తీసేశాడు, కొత్తది తెప్పించారు.

స్లీవ్ అంటే ఇనప గొట్టం. అల్యూమినియం సిలిండర్ లోపల కూర్చుని ఉంటుంది. పిస్టన్ పరిగెత్తేది అందులోనే. గొట్టానికి పక్కలంట కిటికీలుంటాయి. అవి సిలిండర్ కిటికీలకి సరిగ్గా ఎదురుగా రావాలి, లేకపోతే ఇంజను ఊపిరి పీల్చుకోలేదు. దాన్ని లోపల కూర్చోబెట్టడానికి సుత్తి పనికిరాదు. సిలిండర్ని బాగా కాలిస్తే ఉబ్బుతుంది. గొట్టాన్ని గడ్డకట్టిస్తే ముడుచుకుంటుంది. అప్పుడు ఒక్క ఊపిరిలో దాన్ని దీనిలోకి జారవిడవాలి. ఆ తర్వాత వేడీ చలీ కలిసిపోయి రెండూ ఒకదాన్నొకటి జన్మలో వదలవు. వంకరగా కూర్చున్నా అంతే, వదలవు. పెళ్లి కూడా ఇంతే కదా అనిపించింది గానీ మా ఆయన ముందు అనలేదు.

ఈ పనిలో వేడి నా ఓవెన్‌ది, చలి మా అత్తగారి ఫ్రీజర్‌ది.

ఓవెన్ అంటే సరే, అందులో నేను బ్రెడ్డు చేస్తానని అందరికీ తెలుసు, అందుకే ఎవరికీ గౌరవం లేదు. ఫ్రీజర్ అలాంటిది కాదు. అది మా అత్తగారు తొమియె గారి రాజ్యం. ఆవిడ ఏప్రాన్ జేబులో కాగితపు టేపు చుట్ట, లావు మార్కరు ఎప్పుడూ ఉంటాయి. ఫ్రీజర్లోకి పోయే ప్రతి దానికీ పేరు పెట్టాల్సిందే. అన్నిటికన్నా ఎక్కువగా రాసేది "ముందు" అని, మా లిపిలో అది ఒక్క అక్షరమే. అంటే ఇది ముందు వచ్చింది, ముందు దీన్ని అవగొట్టాలి అని. ఆ అక్షరం చివరి గీతని ఆవిడ కిందికి లాగి గాలంలా వంచుతారు. ఆ గాలానికి చేప తగులుతుందేమో అన్నంత పొడుగ్గా.

ఇంకో మాట "చెడింది." అది రాశారంటే దాన్ని వెంటనే పారెయ్యరు. నేను చూసి సిగ్గుపడేదాకా అలాగే ఉంచుతారు. మినోరి చిన్నప్పుడు చెడింది అని రాసున్న ఎర్ర చిక్కుళ్ల బూరె ఒకటి దొంగతనంగా తింది. తర్వాత బాత్రూము తలుపు తీయకుండా కూర్చుని, "నాన్నమ్మా, ఇంకెప్పుడూ తినను" అని లోపల్నుంచే దణ్ణాలు పెట్టింది. మా ఇంట్లో దేవుడి మాట వినకపోయినా పర్వాలేదు. ఆ టేపు మాట మాత్రం ఎవరూ దాటరు.

మొదటి ఆదివారం అత్తగారు వృద్ధుల సంఘంతో వేడినీటి బుగ్గలకి వెళ్లారు. ఇంట్లో అడ్డు చెప్పేవాళ్లు లేరు కదా అని మా ఆయన ఓవెన్ వెలిగించాడు. సిలిండర్ కాలాక గబగబా ఫ్రీజర్ తెరిచి గొట్టాన్ని ఉత్త చేత్తో పట్టుకున్నాడు. ఇనుము అంత చల్లగా ఉంటే కరుస్తుందట. "అబ్బా" అని వదిలేశాడు. గచ్చు మీద పడింది.

"ఏం కాలేదులే" అన్నాడు మా ఆయన వేళ్లు ఊదుకుంటూ. "ఇనుమేగా."

శిగెకి గొట్టాన్ని తీసి వేలికి ఉంగరంలా తగిలించుకుని రెంచితో ఒక దెబ్బ కొట్టాడు. టక్ అంది.

"పోయింది బావా."

"ఎక్కడికి?"

"పగిలింది. విను. మంచి ఇనుమైతే మోగాలి. ఇది దగ్గుతోంది."

కళ్లజోడు పెట్టుకుని వెతికితే కనబడింది. బయటి వైపు, పై అంచు మూల నుంచి పెద్ద కిటికీ దాకా, వెంట్రుకంత గీత. లోపల్నుంచి చూస్తే ఏమీ లేదు.

"ఇలాగే పెట్టేస్తే ఏమవుతుంది?" అని అడిగాను. అడగాల్సింది కాదు. మా తమ్ముడు నాతో అబద్ధం ఆడలేడు.

"కొంతసేపు ఏమీ కాదక్కా. అదే దీంతో ఇబ్బంది. బాగా వేడెక్కాక కిటికీ పక్కనున్న సన్నపు ముక్క ఊడుతుంది. పిస్టన్ రింగు దానికి తగులుకుంటుంది. ఇక చెప్పేదేముంది, చక్రం బిగుసుకుంటుంది. మొన్నటిలాగే."

మొన్నటిలాగే అన్న మాట అన్నాక నా మొహం చూసి, "కాకపోతే పెట్టంగా" అన్నాడు.

ఇంకో కొత్త స్లీవ్ తెప్పిద్దామనుకున్నారు. శిగెకి వెళ్లిపోయాడు. పగిలిన గొట్టాన్ని శిగెకి తీసుకెళ్లాడని మా ఆయన అనుకున్నాడు. బావ పారేస్తాడని శిగెకి అనుకున్నాడు. అది సింకు పక్కన అలాగే ఉండిపోయింది. సాయంత్రం బుగ్గల నుంచి ఎర్రగా ఉడికొచ్చిన అత్తగారు వంటిల్లు సర్దుకున్నారు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

వారం మధ్యలో కొత్తది వచ్చింది. మా ఆయన దాన్ని వార్తాపత్రికలో చుట్టి ఫ్రీజర్లో పెట్టాడు. పెట్టే ముందు మేడ మీదున్న పిల్లని పిలిచాడు. "మినోరీ, దీనికి ముందు వైపు ఏదో గుర్తు పెట్టు, తర్వాత వెతుక్కోలేం."

"ఊఁ" అంది మేడ మీంచి. చెవుల్లో పాటలు పెట్టుకున్నవాళ్లు ఏమడిగినా ఊఁ అంటారు.

శనివారం పొద్దున్న మళ్లీ ఓవెన్. శిగెకికి ఆ రోజు పని ఉంది, రాలేకపోయాడు. ఆదివారం కొండ అవతల పందెం. నేను పిల్లి మొహాలున్న చేతి తొడుగులు వేసుకుని ఓవెన్ దగ్గర నిలబడ్డాను. కాలుతున్న పాత నూనె వాసన వంటింటి నిండా పట్టింది. ఆ వాసన వచ్చే వారమంతా నా బ్రెడ్డులో ఉంటుంది. మా ఆయన ఈసారి మందపు చేతి తొడుగులు వేసుకున్నాడు. మినోరి గోడకి ఆనుకుని, విరిగిన ఎముక మీద చెయ్యి పెట్టుకుని చూస్తోంది. ఆ చెయ్యి అక్కడికి వెళ్లినట్టు దానికే తెలియదు.

"తియ్యి!"

నేను సిలిండర్ తీసి చెక్క మీద పెట్టాను. ఆయన ఫ్రీజర్లోంచి పొట్లం లాగి, కాగితం చింపి, గొట్టం తీశాడు. దాని మీద టేపు.

"ముందు! శభాష్, మా పిల్ల ఎంత చక్కగా గుర్తు పెట్టిందో చూడు."

పిల్ల ఏమీ అనలేదు. పొగడ్తలు ఎవరికైనా చేదా? టేపు ఉన్నది సరిగ్గా పెద్ద కిటికీ పైనే. ఆయన దాన్ని ఊడదీసి ఓవెన్ తలుపుకి అంటించి, గొట్టం జారవిడిచాడు. సుయ్‌మని లోపలికి పోయింది. రవ్వంత తిప్పాడు. పైనుంచి చెక్క పెట్టి అదిమి పట్టుకున్నాడు. కిటికీలోంచి కిటికీ కనబడింది, ఎక్కడా అంచు తేడా లేకుండా.

"కూర్చుంది" అన్నాడు.

మినోరి సిలిండర్‌కి వంగి నమస్కారం పెట్టింది. నా కళ్లజోడు ఆవిరి పట్టి ఏమీ కనబడలేదు. ఆ టేపు మీది రాత కూడా.

ఆదివారం ఇంకా చీకటి విడవకముందే తండ్రీ కూతురూ బండిని వ్యానులోకెక్కించుకుని వెళ్లారు. వాకిట్లో నిలబడి నా వంతు మాట నేనన్నాను. "మానెయ్యకూడదూ?"

"సాయంత్రానికి వచ్చేస్తాం అమ్మా."

"అది అడగలేదు."

"తెలుసు" అని తల అడ్డంగా ఊపి తలుపు వేసుకుంది.

ఎండ వచ్చాక మిసో పులుసు పొయ్యి మీద పెట్టాను. అత్తగారు చాపలు పరిచిన తతామి గదిలోంచి కేకేశారు, సాల్మన్ ముక్కలు తియ్యమని, అది కూడా ముందు అని రాసున్నవే తియ్యమని. ఫ్రీజర్ సొరుగు లాగాను. చేపల వెనక వార్తాపత్రిక పొట్లం. ఎత్తితే బరువు.

"అత్తయ్యా, ఇదేంటి?"

"ఇంకేంటి, నీ మొగుడి గొట్టం. చేపలతో పాటు గొట్టాలు దాచుకునే కొంప ఈ లోయలో మనదొక్కటే."

"గొట్టం నిన్న ఇంజన్లో పెట్టేశారుగా."

"అది ముందుది. ఇది తర్వాత వచ్చింది." ఆవిడ గుమ్మం దాకా వచ్చారు. "ముందు వచ్చింది ముందు అవ్వాలి కదా. అందుకే దానికి టేపు వేశాను. ఆ రోజు సింకు పక్కన పారేసి పోయారు. ఫ్రీజర్లోంచి తీసింది ఫ్రీజర్లోకే పోవాలి, ఈ ఇంట్లో అది నేర్పింది ఎవరు? నేనే తుడిచి, చుట్టి పెట్టాను."

నేను ఓవెన్ వైపు చూశాను. టేపు తలుపుకి ఇంకా అలాగే ఉంది. చివరి గీత కిందికి దిగి గాలంలా వంగి ఉంది.

పొట్లం విప్పి గొట్టాన్ని వేలికి తగిలించుకున్నాను. అది చర్మానికి అంటుకుపోయింది. ఆ చలి నాకు తెలియలేదు. రెంచి లేదు. చేతికందిన పులుసు గరిటెతో కొట్టాను.

మోగింది. గూట్లో, పోయిన మా మామగారి ఫొటో ముందు మొక్కేటప్పుడు కొట్టే గంట మోగినట్టే మోగింది. సన్నగా, నున్నగా, గదంతా తిరిగి, ఇక ఆగిపోయిందనుకున్నాక కూడా ఎక్కడో మిగిలి ఉంది.

అత్తగారి చేతులు అలవాటు కొద్దీ జోడయ్యాయి. కళ్లు మూసుకుని తెరిచారు.

"ఎవరి కోసం కొట్టావే?" అన్నారు.

మా ఆయనకి ఫోన్ చేశాను. చెప్పుల అల్మరా మీంచి మోగింది. మర్చిపోవడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. మినోరి ఫోన్ కట్టేసి ఉంది. పందెం నడిపేవాళ్ల నంబరు ఎవరూ ఎత్తలేదు. శిగెకి ఎత్తాడు.

"తమ్ముడూ, ఇంట్లో ఉన్న గొట్టం మోగుతోంది."

"మోగితే మంచిదే కదక్కా" అని, ఒక్క క్షణం ఆగి, "అంటే..." అన్నాడు. "పో అక్కా. ముందు పో. ఎన్ని రౌండ్లు తిరిగిందో ఏమో."

చిన్న ట్రక్కు తాళాలు తీసుకుని పరిగెత్తాను. తిరిగి చూసేసరికి అత్తగారు పక్క సీటులో కూర్చుని బెల్టు లాక్కుంటున్నారు, ఏప్రాన్ కూడా విప్పలేదు.

"మీరెందుకు అత్తయ్యా?"

"నేను రాసింది సరిగ్గానే రాశాను" అన్నారు ముందుకి చూస్తూ. "చదివినవాడిది తప్పు. పోనియ్యి."

కొండ దారి మీద ఆ చిన్న ట్రక్కుకి ఊపిరాడదు. నేను అద్దాలు దించేశాను, చలి కొడుతున్నా సరే. వినాలి. ఏరు చప్పుడు, దేవదారు చెట్లలో గాలి, మా ట్రక్కు ఏడుపు తప్ప ఏమీ లేదు. దారిలో సొరంగాలున్నాయి. సొరంగంలోకి దూరినప్పుడల్లా బయటి లోకం చప్పుడు తెగిపోయేది. ఇప్పుడే, ఈ సొరంగంలో ఉన్నప్పుడే అవతల అది జరుగుతోందేమో అనిపించేది. బయటికి వచ్చాక చెవులు రిక్కించి ఏమీ వినబడక, సొరంగంలో ఉన్నప్పుడే నయం అనిపించేది. అక్కడైతే వినబడకపోవడానికి కారణం ఉంది.

"ఇంకాస్త తొక్కు" అన్నారు అత్తగారు. నా డ్రైవింగు గురించి ఆవిడ ఇన్నేళ్లలో అన్న మాట ఒక్కటే, నెమ్మదిగా పో అని.

"తొక్కుతూనే ఉన్నాను."

"దాని ఎముక ఇంకా పచ్చిగానే ఉంటుంది" అన్నారు. ఆ తర్వాత జేబులో టేపు చుట్టని వేళ్లతో తిప్పుతున్న చప్పుడు మాత్రం వినబడుతోంది.

కనుమ ఎక్కేసరికి ఒక్కసారిగా వినిపించింది, లోయంతా తేనెటీగలు లేచినట్టు. ఇప్పటి బండ్లన్నీ గొంతు లావు చేసుకుని గర్జిస్తాయి. మా పిల్లది పాత బండి. ఆ గర్జనల్లో సన్నగా, ఎత్తుగా, కోపంగా ఒక్క దోమ.

"ఉంది" అన్నాను.

"ఉంది" అన్నారు ఆవిడ.

దారి కొండ వెనక్కి తిరిగింది. చప్పుడు పోయింది.

ట్రక్కుని గడ్డిలోనే వదిలేసి దిగాం. తాడు కట్టిన పక్కన మా ఆయన నిలబడి ఉన్నాడు, చేతిలో తెల్ల పలక. పందెంలో పరిగెత్తేవాళ్లకి ఆ పలక మీద రాసి చూపిస్తారు, ఎన్నో స్థానంలో ఉన్నారో, వెనక ఎవరొస్తున్నారో. నన్ను చూసి ఆయన మొహం విప్పారింది.

"వచ్చావా! ఎలా పరిగెడుతోందో చూడు, స్లీవ్ ఎంత బాగా..."

"అది పగిలిందండీ."

"ఏంటి?"

"లోపల పెట్టింది పగిలినది. కొత్తది ఇంట్లో ఉంది, చేపల పక్కన. ముందు అని రాసింది పిల్ల కాదు, అత్తయ్య."

ఆయన తన తల్లిని చూశాడు, ఆవిడ ఏప్రాన్ని చూశాడు. మొహంలో రక్తం లేదు. పలకని నా చేతుల్లో పడేసి గుడారం వైపు పరిగెత్తాడు. విజిల్ మెడలో వేసుకున్న మనిషి చేతులు తిప్పుతూ చెబుతున్నాడు. బండిని ఆపాలంటే నల్ల జెండా కావాలి, జెండా చూపించాలంటే పైన గుట్ట మీదున్న పెద్దాయన ఒప్పుకోవాలి, రేడియోలో అడుగుతున్నాను, ఆగండి. మా ఆయన వంగి వంగి నమస్కారాలు పెడుతున్నాడు. ఆ మనిషి కూడా తిరిగి నమస్కారాలు పెడుతున్నాడు. వాళ్లిద్దరి మర్యాద చూస్తుంటే నాకు కేక పెట్టాలనిపించింది.

మేమున్న చోటు దాటాక దారి నిటారుగా కిందికి దిగుతుంది. కింద వాగు, దాని మీదుగా ఎగిరి దూకాలి. ఆ దిగుడులోనే ఇంజను బాగా వేడెక్కుతుందని శిగెకి ఎప్పుడో చెప్పాడు.

దోమ దగ్గరికొస్తోంది. పలక మీద ఉన్నదాన్ని మోచేత్తో తుడిచి, పట్టినంత పెద్దగా రాశాను. ఆపు. తల మీదికి ఎత్తాను.

వచ్చింది. బురద పట్టిన హెల్మెట్ నా వైపు తిరిగింది. చూసింది. పలక చూసింది, పలక పట్టుకున్నది ఎవరో చూసింది. అప్పుడు తల అడ్డంగా ఊపింది, పొద్దున్న వాకిట్లో ఊపినట్టే. దాటిపోయింది.

అమ్మ ఇక్కడికి కూడా వచ్చేసింది అనుకుని ఉంటుంది. ఇంకేమనుకుంటుంది?

దిగుడులోకి చప్పుడు జారిపోయింది. నేను పలకని కడుపుకి ఆనించి పట్టుకుని విన్నాను. వాగు దగ్గర బండి గాల్లో ఉన్నప్పుడు చప్పుడు ఒక్క క్షణం ఖాళీగా పైకి లేస్తుంది. లేచింది. ఇప్పుడు నేల తగలాలి. తగిలింది. మళ్లీ ఎక్కుతోంది. నా నోట్లో ఇనుము రుచి. పెదవి కొరుక్కున్నానని తర్వాత తెలిసింది.

"ఇటివ్వు" అన్నారు అత్తగారు.

"అత్తయ్యా, అది ఆగదు. నేను ఎన్నిసార్లు..."

"నువ్వు రాస్తే ఆగదు. ఇటివ్వు."

పలక లాక్కుని ఏప్రాన్ అంచుతో నా మాటని పూర్తిగా తుడిచేశారు. జేబులోంచి లావు మార్కరు తీశారు. ఒత్తి, నింపాదిగా, ఫ్రీజర్లో డబ్బాల మీద ఎలా రాస్తారో అలాగే రాశారు. చివరి గీతని కిందికి లాగి వంచారు. తాడుకి ఆనుకుని, పలకని గుండెకి అడ్డంగా పెట్టుకుని నిలబడ్డారు. బురదలో చెప్పులు, పూల ఏప్రాన్, తెల్ల జుట్టు. పలక మీద ఒకటే మాట.

చెడింది.

చప్పుడు వస్తోంది. కానీ అది ఇందాకటి చప్పుడు కాదు. అందులో బొంగురు చేరింది. ఉండి ఉండి దగ్గుతోంది. శిగెకి వేలికి తగిలించుకుని కొట్టినప్పుడు విన్న దగ్గే. నేను మా అత్తగారి భుజం పట్టుకున్నాను. పెళ్లయినప్పటినుంచి ఆవిడని అలా పట్టుకోలేదు.

మలుపులోంచి బండి బయటికొచ్చింది. హెల్మెట్ మా వైపు తిరిగింది. నన్ను దాటి పలక మీద ఆగింది. మాట చదివిందో, గీత వంపు చూసే గుర్తుపట్టిందో నాకు తెలియదు. ఎడమ చేతి వేళ్లు మూసుకోవడం మాత్రం చూశాను. క్లచ్ నొక్కింది. చిన్నప్పుడు ఆ బూరె మీంచి వెనక్కి తీసుకోవాల్సిన చేతిని ఇన్నాళ్లకి వెనక్కి తీసుకుంది.

అప్పుడే చప్పుడు ఆగిపోయింది. టక్ అని కూడా అనలేదు. ఉన్నది లేకుండా పోయింది, అంతే.

బండి మాత్రం ఆగలేదు. క్లచ్ నొక్కి ఉంది కాబట్టి వెనక చక్రం దొర్లుతూనే ఉంది. మౌనంగా, సైకిల్లా, మమ్మల్ని దాటి, దిగుడు అంచుకి ముందు పక్కకి తిరిగి, గడ్డి మూటల దగ్గరకి పోయి నెమ్మదించింది. మా పిల్ల కాలు దించింది.

ఇన్ని నెలలుగా నేను భయపడిన నిశ్శబ్దం అదే. దాని మధ్యలో మా పిల్ల రెండు కాళ్ల మీద నిలబడి ఉంది.

మేం వెళ్లేసరికి హెల్మెట్ తీసి, కిక్కుని కాలితో నొక్కి చూస్తోంది. అది కదలడం లేదు.

"నాన్నమ్మా, ఏం చెడింది?"

"గొట్టం. నువ్వు మొన్న 'ఊఁ' అన్నావు చూడు, అది కూడా."

"ఎవరు చెప్పారు నీకు?"

"మీ అమ్మ కనిపెట్టింది. నేను రాశానంతే."

మినోరి కిక్కు మీంచి కాలు తీసి దిగుడు వైపు చూసింది, వాగు దాకా. చెయ్యి దానంతటదే మెడ కింది ఎముక మీదికి వెళ్లింది. పెదాలు తెల్లబడ్డాయి. "నువ్వు రాసింది కూడా చూశానమ్మా" అంది. "నువ్వు రోజూ రాసేదే కదా అనుకున్నాను."

మా ఆయన వచ్చి ఎవరి మొహమూ చూడకుండా బండిని నెట్టుకుంటూ వ్యాను దగ్గరికి తీసుకెళ్లాడు. వెనకాల నల్ల జెండా పట్టుకుని ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. పెద్దాయన ఒప్పుకున్నారట.

ఇంజను విప్పితే కిటికీ పక్క నుంచి విరిగిన ముక్క దొరికింది. చిటికెన వేలి గోరంత ఉంది. మా ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని షెడ్డులో ఒక్కడే కూర్చున్నాడు, నేను టీ ఇచ్చి వచ్చినా తలెత్తలేదు. పగిలిన గొట్టాన్ని శిగెకి లేతు మీద కోసి తీసిచ్చాడు, పిస్టన్ ఆయన కొత్తది తెప్పించాడు. బండి అమ్మేద్దామని ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు. అంటే గడియారం కొట్టినట్టే ఉంటుందని తెలుసు.

తర్వాతి ఆదివారం మళ్లీ ఓవెన్ వెలిగింది. శిగెకి సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు. అత్తగారు తన కుర్చీ తెచ్చుకుని ఫ్రీజర్ పక్కనే కూర్చున్నారు. ఈసారి పొట్లం మీద టేపు లేదు. ఏం రాయాలో ఆవిడకి తోచలేదట.

మా ఆయన గొట్టం బయటికి తీశాడు. శిగెకి రెంచి అందుకోబోయాడు.

"నాకివ్వు మావయ్యా" అంది మినోరి. వేలికి తగిలించుకుంది. రెంచి వద్దని నా పులుసు గరిటె తీసుకుంది. "అమ్మా, నువ్వు విను. నువ్వు బాగుందంటేనే పెడతాం."

కొట్టింది.

మోగింది. సన్నగా, నున్నగా, గదంతా తిరుగుతూ. అందరూ నా మొహం వైపు చూస్తున్నారు. నా మాట కోసం ఈ ఇంట్లో ఇంతమంది ఒకేసారి ఎదురుచూడటం నేనెప్పుడూ చూడలేదు. చెడింది అంటే చాలు. ఇవాళ నేనంటే నమ్ముతారు. శిగెకికి తెలిసిపోతుంది, కానీ వాడు నా మొహం చూసి ఊరుకుంటాడు. అత్తగారు టేపు కూడా అందిస్తారేమో. పిల్ల ఈ ఏడాది మట్టి దారి ఎక్కదు, నా కత్తి ముల్లంగి మీద ఆగదు.

గొట్టం ఇంకా మోగుతూనే ఉంది.

"ఇంకోసారి కొట్టు" అన్నాను.

కొట్టింది. అదే మోత. ఈసారి అత్తగారు చేతులు జోడించలేదు, నా వైపే చూస్తున్నారు.

"చలి పోతోందే, త్వరగా చెప్పు" అన్నాడు మా ఆయన.

"మంచిదే" అన్నాను.

పిల్లి మొహాల చేతి తొడుగులు వేసుకుని ఓవెన్ తలుపు నేనే తీశాను.